ఆన్‌లైన్ కోర్సు నుంచి తొలి టెక్ ఉద్యోగం దాకా

ముందు ఒక్క దారే ఎంచుకోండి. కోడింగ్ పరిచయం లేనివారికి డేటా అనలిస్ట్ దారి కాస్త సులువు: ఎక్సెల్, తర్వాత ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి సమాచారం తీసే భాష), ఆపైన పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష).

ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు కట్టి, కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి. 12 వారాల కోర్సుకు అసైన్‌మెంట్లలో మెరుగైన 8 తీసుకుని 25 మార్కులకు, పరీక్షను 75కు లెక్కిస్తారు. మొదటి దాంట్లో కనీసం 10, రెండో దాంట్లో 30 రావాలి.

చాలామంది దెబ్బతినేది వీడియో చూస్తూ కోడ్ టైప్ చేయడం దగ్గర. అంతా వచ్చేసినట్టే ఉంటుంది, ఇంటర్వ్యూలో చెయ్యి కదలదు. వీడియో ఆపేసి, ఖాళీ ఫైల్లో అదే క్వెరీ (డేటాను అడిగే ఎస్‌క్యూఎల్ ఆదేశం) సొంతంగా రాయండి. జాయిన్ (రెండు టేబుళ్లను కలపడం) తర్వాత వరుసలు పెరిగిపోతే, కలిపిన కాలమ్‌లో ఒకే విలువ పలుమార్లు ఉందేమో చూడండి. ఎడమ టేబుల్ వరుసలన్నీ ఉంచాల్సిన లెఫ్ట్ జాయిన్‌లోనూ వరుసలు మాయమైతే, కుడి టేబుల్ మీద వేర్ (WHERE) భాగంలో పెట్టిన షరతును ఆన్ (ON) భాగంలోకి మార్చండి.

తెలంగాణ ఓపెన్ డేటా పోర్టల్ నుంచి ఒక ఫైల్ తీసుకుని విశ్లేషించి, కోడ్‌ను నలుగురికీ చూపించే సైట్ గిట్‌హబ్‌లో పెట్టండి. ఏ ప్రశ్నకు జవాబు వెతికారో రీడ్‌మీ అనే పరిచయ ఫైల్లో రాయండి. సర్టిఫికెట్ల కట్ట కన్నా ఇదే ఎక్కువ పనికొస్తుంది.

మెంటర్‌ను అడగాల్సింది అప్పుడే. మీ సీనియరో, లింక్డ్‌ఇన్‌లో అదే పని చేస్తున్నవారో చాలు. “గైడ్ చేయండి సార్” అంటే జవాబు రాదు. ప్రాజెక్ట్ లింకు, ఆగిపోయిన చోటు, ఇప్పటిదాకా ప్రయత్నించినవి, ఒకే ఒక్క ప్రశ్న రాయండి. చెప్పింది చేసి, ఫలితం పంపండి. రిఫరల్ (తమ కంపెనీలో మీ పేరు సిఫారసు చేయడం) మాట ఆ తర్వాతే. డబ్బు కడితే బ్యాక్‌డోర్ ఉద్యోగం ఇప్పిస్తామనేవారికి మాత్రం ఒక్క రూపాయీ ఇవ్వకండి.