ఇంటర్నల్ సెలక్షన్ – 4వ పాఠం: ఓడీ రోజుల లెక్క

ఈసారి ఇంటర్వ్యూ ప్రశ్నలు మొదలుపెడదామనుకున్నాను. ఆఫీసులో ఉన్నవాళ్లలోంచే ప్రమోషన్‌కు మనిషిని ఎంచే లెక్క ఒకటి ఇచ్చాను కదా, దానికి మీరు పంపిన మార్కుల షీట్లు చూశాక ముందుకు పోబుద్ధి కాలేదు. నోటిఫికేషన్ అంటించడం, కమిటీలో కావలసినంతమంది ఉన్నారా అని కోరం చూసుకోవడం అందరికీ బాగానే వచ్చాయి, వాటి జోలికి పోను. హాజరు దగ్గరే బోల్తా పడ్డారు.

లెక్క ఇదీ. చార్జ్‌హ్యాండ్, అంటే కొందరు కార్మికుల పని చూసుకునే పోస్టు ఒకటి, పోటీలో ఇద్దరు ఫిట్టర్లు. ట్రేడ్ టెస్టుకు 50, సీనియారిటీకి 30, హాజరుకు 20 మార్కులు. మొదటాయన యూనియన్ సహాయ కార్యదర్శి: టెస్టులో 41, సీనియారిటీకి 24. రెండో ఆయన: 38, 26. పనిదినాలు 300. రెండో ఆయన 288 రోజులు వచ్చాడు. మొదటాయన వర్క్‌షాపులో ఉన్నది 246 రోజులు. మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, ఇంకో 42 రోజులకు ‘ఓడీ’ (ఆన్ డ్యూటీ) అని ఉంది.

మీలో ఎక్కువమంది ఆ 42నీ గైర్హాజరు కింద కొట్టేసి 16.4 వేశారు. మొత్తం 81.4. రెండో ఆయనకు 83.2 వచ్చాయి కాబట్టి పోస్టు ఆయనకే.

ఆ 42 రోజులూ ఆయన ఎక్కడున్నాడు? వర్క్స్ కమిటీలో, క్యాంటీన్ కమిటీలో, లేబర్ ఆఫీసర్ దగ్గర రాజీ చర్చల్లో. కబురు పంపింది మేనేజ్‌మెంటు, స్లిప్పు మీద సంతకం పెట్టింది మన ఆఫీసు. పిలిచిందీ మనమే, వచ్చినందుకు మార్కులు కోసిందీ మనమే! ఓడీ కలిపితే ఆయనవీ 288 రోజులే. హాజరుకు 19.2, మొత్తం 84.2. పోస్టు చేతులు మారింది.

‘మేం యూనియన్ చూడలేదు సార్, హాజరే చూశాం’ అని ఒకరు రాశారు. నాకు ఒళ్లు మండేది ఈ మాటకే. యూనియన్ అన్న మాట షీటులో ఎక్కడా ఉండదు, ‘హాజరు’ అనే ఉంటుంది. ‘అందుబాటు’ అనో, ‘ఓటీ (ఓవర్‌టైమ్) గంటలు’ అనో ఉంటుంది. ట్రైనింగ్‌కు వెళ్లాల్సిన వారంలోనే వేతన చర్చలు పడితే ‘ట్రైనింగ్ పూర్తిచేయలేదు’ అని ఉంటుంది. నేను కొత్తగా చేరిన ఒక ఆఫీసులో దరఖాస్తు మూలన పెన్సిల్‌తో ‘యూ’ అని, అంటే యూనియన్ మనిషి అని, రాసేవారు. కమిటీకి పంపేముందు రబ్బరుతో చెరిపేవారు. కాగితం ట్యూబులైటుకు ఎత్తిపడితే ఆ గీత కనిపించేది. దానికంటే మీ షీటులోని హాజరు గడే ప్రమాదం, ఏ లైటుకు పెట్టినా కనిపించదు.

1947 పారిశ్రామిక వివాదాల చట్టం ఐదో షెడ్యూల్ 4వ అంశం తీసి చదవండి. యూనియన్ పని చేశాడని సీనియారిటీ మార్చడం, ప్రమోషన్ ఆపడం అన్యాయమైన కార్మిక పద్ధతులు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఈ జాబితా రెండో షెడ్యూల్‌లో ఉంది.

ఇద్దరు మాత్రం రెండో వైపు దొర్లారు. ‘గొడవెందుకు, లీడర్‌కే ఇచ్చేస్తే యూనియన్ చల్లబడుతుంది’ అని సీనియారిటీలో రెండు మార్కులు కలిపారు. యూనియన్ బలం తగ్గించడానికి అర్హత లేకుండా ఇచ్చే ప్రమోషన్ కూడా అదే 4వ అంశంలో ఉంది. అనుమతి లేకుండా గేటు మీటింగుకు పోయిన రోజును ఓడీ చేయడమూ కుదరదు. స్లిప్పు ఉంటేనే ఓడీ.

నా పద్ధతి వేరు. ఓడీని హాజరులో కలపను, పనిదినాల్లోంచే తీసేస్తాను. 258కి 246 అంటే 95.3 శాతం, 19.07 మార్కులు. మొత్తం 84.07, ఇప్పుడూ ఆయనే ముందు. రెంటిలో ఏదైనా సరే, దరఖాస్తులు తెరవకముందే సర్క్యులర్‌లో రాసి ఉండాలి. షీటు చేతికొచ్చాక పద్ధతి ఎంచుకుంటే అది పద్ధతి కాదు.

అభ్యాసం: మీ ఆఫీసులో గత అయిదేళ్ల ఇంటర్నల్ సెలక్షన్ ఫైళ్లు మూడు తీయండి. మస్టర్, ఓడీ స్లిప్పులు పక్కన పెట్టుకుని, ప్రతి అభ్యర్థి హాజరునూ మూడు రకాలుగా కట్టండి: కొట్టేసి, కలిపి, తీసేసి. ర్యాంకు మారిన చోట ఎర్ర సిరాతో చుట్టండి. రెండు ఆదివారాలు పడుతుంది. స్లిప్పులు దొరక్కపోతే ఎన్ని దొరకలేదో కూడా రాసి పంపండి.