ఎండల్లో బండి మీద తిరిగేవాళ్ళు తిండి విషయంలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఏప్రిల్ వచ్చేసింది, ఇక మృగశిర కార్తె దాకా మనకి పరీక్షే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దోళ్ళు ఊరికే అనలేదు. గుంటూరు కేంద్రంగా పదకొండేళ్ళ నుంచి మెడికల్ రెప్‌గా (మందుల కంపెనీ తరఫున డాక్టర్లని కలిసే పని) తిరుగుతున్నా, సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, గురజాల, రెంటచింతల, మాచర్ల నా రూటు. రెంటచింతల ఎండ సంగతి టీవీలో వినే ఉంటారు. ప్రతి సమ్మర్‌లోనూ కొత్తగా జాయిన్ అయిన పిల్లలు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు సెలైన్ ఎక్కించుకుంటుంటే చూడలేక ఇది రాస్తున్నా. డెలివరీ చేసే తమ్ముళ్ళకీ, ఫీల్డ్ మీద తిరిగే చెల్లెళ్ళకీ కూడా పనికొస్తుంది.

అందరూ ఎండదెబ్బ అంటారు గానీ నేను చూసినంతలో చాలామంది పడిపోయేది తిండి టైము తప్పి, లేకపోతే పాడైన తిండి తిని. డాక్టర్ గారు ఓపీ అయిపోయాకే మనల్ని పిలుస్తారు, అది ఒంటిగంటన్నర కావచ్చు రెండున్నర కావచ్చు, అప్పటిదాకా టీల మీద టీలు తాగుతూ కూర్చుంటాం, బయటికొచ్చేసరికి కడుపు నకనకలాడి తల తిరుగుతుంటుంది, ఇక అప్పుడు ఏది కనపడితే అది లాగించేస్తాం.

నా రెండో సమ్మర్‌లో ఏమైందంటే, పొద్దున ఏడింటికి మా ఆవిడ కట్టిచ్చిన పప్పన్నం బాక్స్ బండి సైడ్ బాక్సులో పెట్టి, పిడుగురాళ్ళలో రెండూ నలభైకి తీశా. స్టీలు డబ్బా పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. మూత తియ్యగానే కొంచెం పుల్లటి వాసన, పప్పు మీద సన్నటి నురగ, వేలితో తీస్తే తీగలాగా సాగింది. చేసిపెట్టిన మనిషి కష్టం పారేయడం ఇష్టంలేక నాలుగు ముద్దలు తినేశా, సాయంత్రానికి వాంతులు, రెండ్రోజులు మంచం మీదే. అప్పుడు అర్థమైంది, ఇంటి భోజనమే మంచిదనే మాట ఈ రెండు నెలలు అన్నివేళలా నిజం కాదు. ఏడు గంటలు బండి పెట్టెలో మగ్గిన ఇంటి పప్పు కంటే మన కళ్ళముందు కుక్కర్లోంచి దించిన హోటల్ ఇడ్లీ మేలు.

వండిన తిండి 5 డిగ్రీలకి 60 డిగ్రీలకి మధ్య ఉన్నంతసేపూ క్రిములు పెరుగుతూనే ఉంటాయి. మామూలుగా రెండు గంటలు దాటకూడదంటారు, బయట 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మనకి పొద్దున తొమ్మిదికే 32 దాటేస్తుంది. అన్నం ఇంకా జాగ్రత్త, బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, అన్నం వేడిలో ఎక్కువసేపు ఉంటే అవి విషం తయారుచేస్తాయి, మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. అందుకే వాసన రాలేదు కదా అని తినెయ్యకండి.

మరి ఏం కట్టుకెళ్ళాలి అంటే, పాడవని సరుకు. వేయించిన వేరుశెనగలు, పుట్నాలు, పల్లీ చిక్కీ, ఖర్జూరం, రెండు అరటిపళ్ళు, ఒక కీరకాయ కడిగి తొక్కతో సహా (కోసి తీసుకెళ్ళొద్దు). పదకొండింటికి ఎక్కడున్నా సరే, డాక్టర్ గారి గుమ్మం ముందే ఉన్నా సరే, వీటిలో ఏదో ఒకటి తినెయ్యండి. ఈ ఒక్కటి చేస్తే రెండింటికి బిర్యానీ మీద పడిపోవడం సగం తగ్గుతుంది.

పెరుగన్నం లేకుండా ఉండలేం అనేవాళ్ళు నాలాగా చెయ్యండి. అన్నం మెత్తగా చేసి చల్లారాక ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పెరుగు కలపండి. రాత్రే ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన వాటర్ బాటిల్ పక్కన పెట్టి, రెండూ కలిపి ఇన్సులేటెడ్ లంచ్ బ్యాగులో పెట్టండి. ఆ చల్లదనం పెరుగన్నాన్ని కాపాడుతుంది, కరిగాక నీళ్ళు తాగడానికి. పన్నెండింటికల్లా తినెయ్యాలి. ఉల్లిపాయ ముందే కలపొద్దు. పప్పు, కొబ్బరి వేసిన కూరలు, కొబ్బరి చట్నీ ఈ రెండు నెలలు బాక్సులోకి వద్దే వద్దు.

బయట తినేటప్పుడు జనం బాగా తిరిగే చోట, పొగలు కక్కుతున్నదే అడగండి. ఇడ్లీలోకి పదిన్నర తర్వాత చట్నీ వద్దని చెప్పి కారప్పొడి, నెయ్యి వేయించుకోండి. పునుగులు, బజ్జీలు న్యూస్ పేపర్లో పెడితే తీసుకోకండి, ఆ ఇంకు నూనెలో కలిసి కడుపులోకి పోతుంది. మయోనైజ్ ఉన్న షవర్మాలు, శాండ్‌విచ్‌ల జోలికి వెళ్ళకండి, పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ని తెలంగాణలో 2024 అక్టోబర్ 30న ఏడాదిపాటు నిషేధించారు కూడా.

చెరుకురసం, నిమ్మసోడా తాగితే ఐసు లేకుండా తాగండి, ఆ ఐసు ఏ నీళ్ళతో కట్టారో మనకి తెలీదు. 250 ఎంఎల్ కూల్‌డ్రింకులో దాదాపు 26 గ్రాముల పంచదార ఉంటుంది, దాహం తీరదు. మజ్జిగ ఇంటి నుంచే పట్టుకెళ్ళండి. బ్యాగులో రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంచుకోండి, డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసున్నది, పెద్ద ప్యాకెట్ అయితే లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెం కాదు. పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకుని టెట్రా ప్యాకుల్లో అమ్మే తియ్యటి డ్రింకులు వేరు, అసలు ఫార్ములా కానివాటి మీద ఆ పేరు వాడొద్దని 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆర్డర్ ఇచ్చింది.

షుగర్ ఉన్న అన్నలకి ఒక మాట. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర పొద్దున వేసుకుని మధ్యాహ్నం భోజనం దాటేస్తే షుగర్ పడిపోతుంది. చెమటలు పట్టడం, చేతులు వణకడం, కళ్ళు మసకలు, ఇవన్నీ ఎండ వల్లే అనుకుని బండి నడుపుతూనే ఉంటారు, దయచేసి ఆపండి. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి పదిహేను నిమిషాలు నీడలో కూర్చోండి, తగ్గాక ఏదైనా తిని అప్పుడు కదలండి. మాత్ర టైము గురించి ముందే మీ డాక్టర్‌ని అడగండి.

ఇంత చేసినా విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ మొదలుపెట్టండి, బ్యాగులో మందుల శాంపిల్స్ ఉన్నాయి కదా అని యాంటీబయాటిక్ మింగెయ్యకండి. మలంలో రక్తం కనపడినా, నీళ్ళు కూడా కడుపులో నిలవకపోయినా, ఐదారు గంటలు మూత్రం రాకపోయినా వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళండి. మిగిలిన డాక్టర్లని రేపు కలుసుకోవచ్చు, మేనేజర్‌కి ఫోన్ చేసి చెప్పెయ్యండి, నేను చెప్పా, ఏమీ కాలేదు.