ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు కట్టాలంటే: విశాఖ నుంచి ఒక పీఈటీ టీచర్ చెప్పే పద్ధతి

జట్టు కట్టాలనుకునే టీచర్లు నన్ను మొదట అడిగేది బంతులు ఎక్కడ కొనాలి, మైదానం ఎలా సంపాదించాలి అని. అంతకన్నా ముందు ఆ పిల్లల వీధిలో కొళాయి ఎన్ని గంటలకు వస్తుందో కనుక్కోమంటాను. మా బడి పిల్లల్లో చాలామందిది పెదజాలరిపేట. తల్లులు తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి చేపలు కొని, వీధి వీధీ తిరిగి అమ్ముతారు. ఆ వేళ ఇంట్లో నీళ్లు పట్టేది, తమ్ముణ్ణి బడికి తయారు చేసేది ఈ పిల్లలే. ఉదయం 6 గంటలకు ప్రాక్టీసు పెడితే మగపిల్లలు వస్తారు, వీళ్లు రారు. రాని పిల్లకు ఆసక్తి లేదని మనం తేల్చేస్తాం. అది అన్యాయం. మా ఆట సాయంత్రం, బడి వదలగానే. తమ్ముళ్లను, చెల్లెళ్లను వెంట తెచ్చుకోవచ్చు.

తల్లిదండ్రులకు చీటీ పంపకండి, ఇంటికే వెళ్లండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది. తండ్రులు పేటలోనే ఉంటారు కాబట్టి మాట్లాడడానికి అదే మంచి సమయం. "ఆడి ఏం సాధిస్తుంది టీచరమ్మా?" అని అడుగుతారు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య 2022లో క్రొయేషియా వెళ్లి అక్కడి డినామో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడిందని చెప్పండి. అయితే మీ అమ్మాయీ అంతటిది అవుతుందని మాత్రం మాట ఇవ్వకండి. చీకటి పడకముందే ఇంటికి పంపుతానని మాట ఇవ్వండి, దాన్ని ఒక్కరోజు కూడా తప్పకండి. ఆ తల్లులకు కావలసిన భరోసా అదే. నిక్కరు వద్దంటే ట్రాక్ ప్యాంటు చాలు. తల కప్పుకుని ఆడడానికి అంతర్జాతీయ నిబంధనలు 2014లోనే అనుమతించాయి.

పన్నెండేళ్ల లోపు వారికి 4వ నంబరు బంతి, పెద్దవాళ్లకు 5వ నంబరు. మైదానం లేకపోతే అల వెనక్కి తగ్గిన తడి ఇసుక బాగుంటుంది. కానీ బంతి సముద్రంలో పడితే దాని కోసం ఎవరూ దిగకూడదు. ఆర్కే బీచ్ వైపు నీటి లాగుడు ఎంత ప్రమాదమో ఊళ్లో అందరికీ తెలుసు. బంతి పోతే పోనివ్వండి.

ఇక అసలు పని. తరగతిలో నోరు విప్పని పిల్లను గోల్‌కీపర్‌గా నిలబెట్టండి. మైదానం మొత్తం కనిపించేది ఆమె ఒక్కతికే. "ఎడమ పక్క మనిషి!", "వెనక్కి రా!", "నాది, వదిలెయ్!" అని ఆమె అరవకపోతే జట్టు గోల్ తింటుంది. మొదట్లో గొంతు పెగలదు. మీరు గీత బయటి నుంచి ఆమె బదులు అరవకండి, ఎంత కష్టంగా ఉన్నా ఊరుకోండి. రెండు గోల్స్ పడ్డాక డిఫెండర్లే వెనక్కి తిరిగి "చెప్పవే!" అంటారు. మా గోల్‌కీపర్ అలాగే మొదలుపెట్టింది. ఇప్పుడు తనకంటే పెద్ద పిల్లను కూడా పేరు పెట్టి పిలిచి, ఎక్కడ నిలబడాలో చెబుతుంది. ఆ తర్వాత లెక్కల పీరియడ్‌లో అర్థం కాలేదని ఆమె లేచి అడిగినట్టు లెక్కల మాస్టారు వచ్చి చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం ఏ కప్పు గెలిచినా కలగలేదు.

కెప్టెన్‌ను వారానికొకరిని మార్చండి. బాగా ఆడే పిల్లకే కట్టబెడితే మిగతావాళ్లకు ఆజ్ఞ వినడం తప్ప ఏమీ రాదు. ఆ వారం హాజరు పుస్తకం, బంతులు, ప్రాక్టీసు మ్యాచ్‌లో ఎవరు ఎక్కడ ఆడాలన్న నిర్ణయం, అన్నీ ఆమెవే. ఈలను కూడా పిల్లలకే ఇవ్వండి. స్నేహితురాలి మీద ఫౌల్ ఇవ్వడం ఎంత కష్టమో అప్పుడే తెలుస్తుంది. మగపిల్లలు మైదానం ఆక్రమిస్తే మీరు వెళ్లి తరమకండి. కెప్టెన్‌ను ముందు పెట్టి, మీరు వెనక నిలబడండి.

చదువును ఆటకు షరతుగా పెట్టవద్దని నా గట్టి అభిప్రాయం. మార్కులు తగ్గాయని జట్టు నుంచి తీసేస్తే ఆ పిల్ల బడికి వచ్చే కారణం కూడా పోతుంది. అలా తీసేయకుండా ఆట అయ్యాక అరగంట అక్కడే కూర్చోబెట్టి, తొమ్మిది, పది తరగతుల పిల్లలతో చిన్నవాళ్లకు పాఠాలు చెప్పించండి. రాంచీ దగ్గరి పల్లెల్లో 2009లో మొదలైన 'యువ' అనే ఆడపిల్లల ఫుట్‌బాల్ సంస్థలో పెద్ద పిల్లలే చిన్నవాళ్లకు కోచ్‌లు. అక్కడ ముందు ఆట వచ్చింది, బడి తర్వాత పుట్టింది. పరీక్షల నెలలో అందరూ రాలేకపోతే కంగారు పడకండి. 7 మంది ఉన్నా నిబంధనల ప్రకారం మ్యాచ్ ఆడవచ్చు.

పది పూర్తయ్యాక పెళ్లి మాట వచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కాబట్టి పదో తరగతి మొదట్లోనే తల్లిదండ్రులను, పిల్లను కలిసి కూర్చోబెట్టి ఇంటర్ గురించి మాట్లాడండి. అండర్-14, అండర్-17 పోటీల సర్టిఫికెట్లన్నీ ఒక ఫైలులో పెట్టించండి. అసలువి ఆమె ఇంట్లో, జిరాక్సులు మీ దగ్గర. కాలేజీ దరఖాస్తులో క్రీడల గడిని ఆమె చేతనే నింపించండి.