గాలిమోటరు చెల్కలో పడితే ముందు చేయాల్సిన పనులు

మహబూబ్‌నగర్ వైపు ఫైర్ స్టేషన్లలో పనిచేసి రిటైరైనవాణ్ని. ఎక్కడన్నా మైక్రోలైట్ విమానాల (ఒకరిద్దరు ఎక్కే తేలికపాటి చిన్న విమానాలు) విన్యాసాలంటే ఊళ్లకు ఊళ్లు ట్రాక్టర్లు కట్టుకుని పోతాయి. తేడా వస్తే మాత్రం మా ఇంజన్ కన్నా ముందు అక్కడికి చేరేది పక్క చేనులో ఉన్న రైతే. 2022 ఫిబ్రవరిలో పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర శిక్షణ విమానం కూలింది కూడా పొలాల్లోనే. అందుకే ఇది రైతులకు రాస్తున్నా.

చూసేటప్పుడు విమానం మలుపు తిరిగే చోటు కింద నిలబడకండి. రెక్కను 60 డిగ్రీలు వాల్చి ఎత్తు తగ్గకుండా తిరగాలంటే, మామూలుగా గాలిలో నిలవడానికి కావాల్సిన కనీస వేగం కన్నా 41 శాతం ఎక్కువ కావాలి. అది చాలకపోతే రెక్కకు పట్టు పోతుంది, తక్కువ ఎత్తులో ఉంటే సర్దుకునే టైం దొరకదు. మైదానం బయట ఉన్నాం కదా అనే ధీమా కూడా వద్దు. 2010 మార్చి 3న బేగంపేట ప్రదర్శనలో నేవీ విమానం బోయినపల్లి ఇళ్ల మధ్య పడింది.

పడిందా, ఉరకకండి. ముందు కరెంటు తీగలు చూడండి. మన చేన్ల మీద 11 కేవీ లైన్లు ఎక్కడబడితే అక్కడున్నాయి. తీగ తెగి ఉంటే లైన్‌మన్‌కు గానీ 1912కు గానీ ఫోన్ చేసి, సరఫరా ఆపామని వాళ్లు చెప్పాకే కదలండి. ఇంకొకరు 108కి, 101కి చేయాలి. ఊరు పేరు ఒక్కటే చెబితే లాభం లేదు, ఏ బాట మీదుగా రావాలో చెప్పి, ఒక పిల్లగాణ్ని బండితో రోడ్డు మీద నిలబెట్టండి.

ఈ చిన్న విమానాల ఇంజన్లో చాలావరకు మన బండ్లలో పోసే పెట్రోలే. గాలి వీపుకు తగిలేలా వెళ్లండి, బీడీలు ఆర్పేయండి. మంట మీద నీళ్లు కొడితే పెట్రోలు పారి ఇంకా అంటుకుంటుంది. మంటలార్పే పొడి సిలిండర్ ఉంటే వాడండి, లేదంటే మట్టి. ప్రొపెల్లర్ ఆగిపోయి ఉన్నా ముందు వైపు నుంచి పోవద్దు.

అసలు భయం వేరే ఉంది. కొన్ని మైక్రోలైట్లలో విమానాన్నే దించే పారాచూట్ ఉంటుంది, దాన్ని బయటికి లాగేది చిన్న రాకెట్. పేలకుండా మిగిలితే అది దగ్గరికొచ్చిన మనిషిని చంపగలదు. హెచ్చరిక స్టిక్కర్ వేసిన చోటికి ఎదురుగా నిలబడకండి, ఆ రాకెట్‌ను పేల్చే ఎర్ర పిడి ముట్టకండి, దాని తీగ కోయకండి.

మంట లేకపోతే పైలట్‌ను లాగొద్దు. తల కదలకుండా పట్టుకుని మాట్లాడుతూ ఉండండి. నీళ్లు తాగించొద్దు, మనోళ్లకు ఈ అలవాటు మాన్పించడమే కష్టం! మంట వస్తే మాత్రం బయటికి తీయాల్సిందే. తలకిందులుగా వేలాడుతుంటే ఇద్దరు భుజాలు ఆపి పట్టుకున్నాకే బెల్టు విప్పండి. విప్పడం రాకపోతే కొడవలితో కోయండి.

తర్వాత శకలాలు ఇంటికి పట్టుకుపోవద్దు. మనిషిని తీయడానికో మంట ఆర్పడానికో తప్ప, దర్యాప్తు వాళ్లు రాకముందు వాటిని కదపకూడదనేది చట్టం. ఫోన్లో తీసిన వీడియోను ఎడిట్ చేయకుండా పోలీసులకివ్వండి.