ఇంగ్లీషు పలుకుబడి, 9వ పాఠం: తాతగారూ బకెట్టూ

ఈసారి వర్షం మీద ఉన్న జాతీయాలు చెబుతానన్నాను. అవి తర్వాత చూద్దాం. పోయిన పాఠంలో "కిక్ ద బకెట్" అంటే చనిపోవడం అని చెప్పాను. ముందు అది తెచ్చిన తంటా తీరాలి.

గుణుపురం కుర్రవాడొకడు తన సెలవు చీటీ నాకు పంపాడు. "మై గ్రాండ్‌ఫాదర్ కిక్డ్ ద బకెట్" అని మేనేజరుకు మెయిల్ కొట్టేశాడు. సెలవు దొరికింది. ఆఫీసులో మాత్రం ఇతన్ని చూస్తే ఇప్పటికీ ముసిముసి నవ్వులేనట. "చనిపోవడం అని మీరే కదా సార్ చెప్పారు" అన్నాడు. చెప్పింది నేనే. సగం చెప్పి వదిలేశాను.

మిగతా సగం ఇది. మనకూ "బాల్చీ తన్నేశాడు" ఉంది కదా. పర్లాకిమిడిలో మీ పెద్ద మావయ్య పోతే, దశదిన కర్మ కార్డు మీద "మా మావయ్యగారు బాల్చీ తన్నేశారు" అని అచ్చు వేయిస్తారా? "స్వర్గస్థులైనారు" అని వేయిస్తారు. ఇంట్లో "పోయారు" అంటారు, ఊరి పెద్దయితే "కాలం చేశారు", పడనివాడైతే "టపా కట్టేశాడు". ఒడియా పేపరు చదివేవాళ్లు ఆరపారికి, అంటే అవతలి ఒడ్డుకు, వెళ్లిపోయారన్న మాట చూసే ఉంటారు. చావు ఒకటే, మాటకే మెట్లు.

ఇంగ్లీషులో పై మెట్టు "పాస్డ్ అవే". సెలవు చీటీకి, పరామర్శకు ఇదే. "డైడ్" మామూలు మాట, మోటు కాదు. దానికి మనవాళ్లు ఊరికే భయపడతారు. "కిక్డ్ ద బకెట్", "క్రోక్డ్" వెటకారం మెట్టు. "బిట్ ద డస్ట్" కూడా అక్కడిదే, కానీ కాలిపోయిన మిక్సీ గురించి అంటే ఎవరూ నొచ్చుకోరు. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ వేసిన మోటు మాటల నిఘంటువులోనే ఈ బకెట్టు ఉంది. అది నీళ్ల బకెట్టు కాదు, కోసిన పందిని వేలాడదీసే దూలం అని ఒక వాదన. పోయేలోపు చేయాలనుకున్న పనుల పట్టీని "బకెట్ లిస్ట్" అంటారే, అది ఇందులోంచి పుట్టిందే. దాన్ని మాత్రం ఎవరి ముందైనా అనొచ్చు.

ఇక నాకు ఒళ్లు మండేది "ఎక్స్‌పైర్డ్". మన వైపు ఎవరు పోయినా "హి ఎక్స్‌పైర్డ్". మందు సీసాకు, పాస్‌పోర్టుకు, రీచార్జికి గడువు తీరుతుంది. నాన్నగారికి గడువేమిటి? ఆసుపత్రి కాగితాల్లో ఆ మాట ఉంటుంది, నిజమే. కాగితం కాగితమే, మీరు మనిషి. మన దేశంలో అందరికీ అర్థమవుతుంది కాబట్టి తప్పనను, కానీ నా దగ్గర చదివేవాళ్లు రాస్తే ఎర్ర సిరాతో కొట్టేస్తాను.

దీనికి చుట్టమే "పాస్డ్ అవుట్". బరంపురం అమ్మాయి ఒకామె ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2022" అంటే, అమెరికాలో ఉన్నాయన "ఇప్పుడు ఒంట్లో ఎలా ఉంది?" అన్నాడట. వాళ్లకు అది స్పృహ తప్పడం. సైన్యంలో శిక్షణ ముగిస్తే "పాసింగ్ అవుట్ పరేడ్" ఉంటుంది, అక్కడ సరే. కాలేజీకి "గ్రాడ్యుయేటెడ్" అనేయండి, గొడవ ఉండదు.

"పాస్" అన్నాం కాబట్టి ఇంకొకటి. "పాస్ ద బక్" అంటే తన బాధ్యత పక్కవాడి నెత్తిన రుద్దడం. అమెరికావాళ్లు డాలరును వాడుకలో "బక్" అంటారు, కానీ ఈ బక్ అది కాదు, పేకాటలో ముక్కలు పంచేవాడి వంతుకు పెట్టే గుర్తు. ఈ పాటికి తెలిసే ఉంటుంది, ఎక్కువ చెప్పను.

అభ్యాసం: ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చనిపోవడానికి తెలుగులో పది మాటలు, ఒడియాలో అయిదు పట్టండి. మర్యాద తగ్గుతూ వచ్చే వరసలో రాసి, ఒక్కోదాని పక్కన సరిపడే ఇంగ్లీషు మాట పెట్టండి. కొన్నింటికి దొరకదు, ఖాళీగా వదిలేయండి. అడిగేముందు ఎందుకు అడుగుతున్నారో చెప్పండి. ముఖ్యంగా నాయనమ్మలకు.