పిల్లలకు బొమ్మలు నేర్పడం – 3వ పాఠం: చూసే కన్ను ఎక్కడుంది?

పోయిన పాఠం చివర పిల్లలతో రోడ్డు, దానికి రెండు పక్కలా చెట్లు గీయించమన్నాను. మూడు, నాలుగు తరగతుల్లో ఎవరో ఒకరు కుడివైపు చెట్లను కుడికి, ఎడమవైపు చెట్లను ఎడమకు పడుకోబెట్టే ఉంటారు. దిద్దకండి. రోడ్డు అంచుల వెంట కాగితాన్ని పైకి మడవండి, చెట్లు లేచి నిలబడతాయి. ఆ పిల్ల రోడ్డు మధ్యలో నిలబడి ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరిగి చూసిందన్నమాట. చూపులు రెండు, కాగితం ఒకటి. చిక్కంతా అక్కడే.

ఆ మాటకొస్తే తెలంగాణలోని చెరియాలలో కథలు చెప్పడానికి గుడ్డ మీద గీసే నకాషీ పటంలోనూ మనుషుల కొలత దూరాన్ని బట్టి ఉండదు. కథలో ఎవరు ముఖ్యమైతే వాళ్లు పెద్దగా ఉంటారు. అందుకే పర్‌స్పెక్టివ్ అంటే ‘సరైన బొమ్మ’ అని చెప్పకండి. ఒకేచోట ఉండి, తల కదపకుండా చూస్తే కనిపించే తీరు అని చెప్పండి. 15వ శతాబ్దం తొలినాళ్లలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో బ్రూనెలెస్కీ అనే వాస్తుశిల్పి ఒక కట్టడాన్ని పలక మీద చిత్రించి, ఆ పలకకే చిన్న రంధ్రం చేశాడు. వెనక నుంచి రంధ్రానికి కన్ను ఆనించి, ఎదురుగా పట్టుకున్న అద్దంలో బొమ్మను చూడాలి. కన్ను కదలకుండా కట్టడి చేయడానికే అంత తంటా! మనకైతే ఒక కన్ను మూయిస్తే సరిపోతుంది.

స్టీలు గ్లాసు

గ్లాసును నేల మీద పెట్టి, పక్కన నిలబడి చూడమనండి. మూతి దాదాపు గుండ్రంగా కనిపిస్తుంది. బల్ల మీద పెడితే కోలగా అవుతుంది. మూతి సరిగ్గా కంటి ఎత్తుకు వస్తే ఒక్క గీతే మిగులుతుంది. ఈ మూడూ పక్కపక్కనే గీయించండి. రెండు తప్పులు తప్పకుండా వస్తాయి. మూతి కొసలను నిమ్మకాయలా మొనదేల్చేస్తారు. గ్లాసు అడుగును తిన్నటి గీతగా వేస్తారు, బల్ల చదునుగా ఉందిగా మరి! నిజానికి బల్ల మీది గ్లాసు అడుగు కంటికి ఇంకా కిందుంటుంది కాబట్టి దాని వంపు మూతి వంపు కన్నా కాస్త ఎక్కువే. ఇది మాటలతో ఎక్కదు, గ్లాసును పైకీ కిందికీ జరిపి చూపించండి.

వరండా గోడ మీద చుక్క

పిల్లవాణ్ని పొడవాటి వరండాకి ఒక కొసన నిలబెట్టండి. నేల నుంచి వాడి కంటి ఎత్తు, పక్కగోడ నుంచి వాడి కంటి దూరం కొలవండి. అవే కొలతలతో ఎదుటి కొస గోడ మీద సుద్దముక్కతో చుక్క పెట్టండి. ఇప్పుడు వాడు ఒక కన్ను మూసి, స్కేలును కప్పు అంచుకు ఆనినట్టు చేయి చాచి పట్టుకోవాలి. స్కేలు చుక్క వైపే దిగుతుంది. నేల అంచుకు పెడితే చుక్క వైపే ఎక్కుతుంది. తర్వాత వాణ్ని అక్కడే కూర్చోబెట్టండి. గీతలు ఆ చుక్కను వదిలేసి కిందికి జారిపోతాయి. మీరు నిలబడి చూస్తే మీ చుక్క వాడి చుక్కకు పైన ఉంటుంది. ఇలా గీతలన్నీ చేరే చుక్కే వానిషింగ్ పాయింట్. ఆ మాట ఈ ఆట ముగిశాకే చెప్పండి, ముందు చెబితే బట్టీ పడతారు.

ఇంటిపని

బడిని చీమ కంటితో ఒకసారి, వేపచెట్టు మీది కాకి కంటితో ఒకసారి గీయమనండి. సగం మంది బడి పక్కన చీమను గీసుకొస్తారు, నవ్వకండి. “చీమకు తన కళ్లు తనకు కనిపిస్తాయా?” అని అడిగి మళ్లీ గీయించండి. చీమ బొమ్మలో కంటి మట్టపు గీత, అంటే చూసే కంటి ఎత్తులో అడ్డంగా ఊహించుకునే గీత, నేలను దాదాపు అంటుకునే ఉండాలి, బడి మొత్తం దానికి పైనే లేవాలి. కాకి బొమ్మలో బడి పైకప్పు కనిపించాలి.

వచ్చే పాఠానికి తలా ఒక ఖాళీ అగ్గిపెట్టె తెమ్మనండి. దాన్ని మూల వైపు నుంచి చూస్తాం.