సరిచేసిన సెట్టింగ్ మళ్ళీ మొదటికొస్తోందా?

సమస్య: రాత్రి సర్వర్‌లో మార్చిన సెట్టింగ్ పొద్దున చూస్తే పాత విలువే చూపిస్తోంది.

కారణం: ఎప్పుడు వెనక్కి పోయిందో ముందు చూడండి. రీబూట్ తర్వాత పోతే మీరు మార్చింది మెమరీలోనే, డిస్క్ మీద ఫైల్ అలాగే ఉంది. సిస్కో స్విచ్‌లతో ఇది పాత గొడవే: రన్నింగ్ కాన్ఫిగ్ (మెమరీలో ఉన్నది) మారుస్తారు, స్టార్టప్ కాన్ఫిగ్‌లోకి (ఆన్ అయినప్పుడు చదివేది) కాపీ చేయడం మర్చిపోతారు, కరెంటు పోయి వచ్చేదాకా బయటపడదు. రీబూట్ లేకుండానే అరగంటలో పోతే సర్వర్ల సెట్టింగుల్ని తనంతట తానే ఒకేలా ఉంచే పప్పెట్ లాంటి టూల్‌ని అనుమానించండి. ఆ వ్యవధి మనం మార్చకపోతే, సర్వర్‌లో ఉండే దాని ఏజెంట్ ప్రోగ్రాం 30 నిమిషాలకోసారి లేచి, బేస్‌లైన్‌లో (ఆమోదించిన సెట్టింగుల జాబితాలో) ఉన్నట్టే తిరగరాస్తుంది. దాని ఉద్యోగమే అది.

పరిష్కారం: ఏజెంట్‌ని ఆపేయకండి. చాలామంది ఆపేసేస్తారు, ఆర్నెల్ల తర్వాత ఆ సర్వర్ జోలికెళ్ళాలంటే భయపడతారు. ఛేంజ్ రిక్వెస్ట్ (మార్పుకి అనుమతి కోరే పత్రం) పెట్టి, గిట్‌లో (ఫైళ్ళ మార్పుల చరిత్ర దాచే టూల్‌లో) ఉన్న బేస్‌లైన్‌నే మార్చి అక్కణ్నుంచి డిప్లాయ్ చేయండి. పాత విలువ, కొత్త విలువ, ఎక్కడ పరీక్షించారు, తేడా వస్తే వెనక్కి ఎలా తేవాలి: రిక్వెస్ట్‌లో ఇవి లేకపోతే ఆమోదించొద్దు.

సమస్య: ఒకే బేస్‌లైన్ వేసిన రెండు సర్వర్లలో ఒకదాంట్లోకే ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్ళే పద్ధతి) పాస్‌వర్డ్‌తో లాగిన్ అవుతోంది.

కారణం: ప్రధాన కాన్ఫిగ్ ఫైల్ రెండిట్లోనూ అక్షరం తేడా లేకుండా ఉంది. దీని మీదే నేను ఓ పూటంతా పోగొట్టుకున్నాను. ఒకే సెట్టింగ్ రెండుసార్లు కనబడితే ఎస్‌ఎస్‌హెచ్‌డీ (సర్వర్‌లో ఆ లాగిన్లు చూసుకునే ప్రోగ్రాం) మొదటిదే తీసుకుంటుంది, కింద ఏం రాసినా పట్టించుకోదు. ఇప్పటి ఉబుంటులో ఆ ఫైల్ పైభాగంలోనే వేరే ఫైళ్ళని కలుపుకునే ఇన్‌క్లూడ్ లైన్ ఉంటుంది. దానివల్ల పక్క ఫోల్డర్‌లో క్లౌడ్ ఇనిట్ (కొత్త క్లౌడ్ సర్వర్‌ని మొదటిసారి సిద్ధం చేసే ప్రోగ్రాం) వదిలిపెట్టిన రెండు ముక్కల ఫైల్‌దే పెత్తనం.

పరిష్కారం: ఫైళ్ళు పోల్చడం మానేసి, ఎస్‌ఎస్‌హెచ్‌డీని పెద్ద టీ (-T) ఆప్షన్‌తో రూట్‌గా నడపండి. అమల్లో ఉన్న విలువలన్నీ చూపిస్తుంది. రెండు సర్వర్ల అవుట్‌పుట్‌కీ డిఫ్ (తేడాలు చూపే కమాండ్) కొట్టండి. ఆ ఫోల్డర్‌ని కూడా బేస్‌లైన్‌లో చేర్చండి.

సమస్య: ఎవరు మార్చారో తెలియదు.

అందరూ ఒకే రూట్ పాస్‌వర్డ్ వాడుతుంటే తెలియదు మరి. ఎవరి లాగిన్ వాళ్ళకిచ్చి సుడో (సొంత లాగిన్‌తోనే రూట్ పనులు చేయనిచ్చే కమాండ్) పెట్టండి. అర్ధరాత్రి అత్యవసర మార్పులకైతే ఫోన్‌లో అనుమతి చాలు, మర్నాడు రికార్డు రాయాల్సిందే.

సమస్య: ఎయిడ్ (ఫైళ్ళు మారాయేమో పట్టుకునే టూల్) రిపోర్టులో రోజూ వందల తేడాలు, ఎవరూ చదవడం లేదు.

కారణం: ప్యాకేజీలు అప్‌డేట్ చేశాక ఎయిడ్ డేటాబేస్‌ని కొత్తది చేయలేదు, లేదా రోజూ మారే లాగ్ ఫైళ్ళనీ లెక్కలోకి తీసుకుంటోంది.

పరిష్కారం: లాగ్‌లకి హ్యాష్ (ఫైల్‌లోని సమాచారానికి వేలిముద్ర లాంటిది) పోల్చే నియమం తీసేయండి. డేటాబేస్ మాత్రం తొందరపడి కొత్తది చేయకండి. ముందు ప్రతి తేడాకీ ఓ ఛేంజ్ రిక్వెస్ట్ ఉందో లేదో చూడండి. చూడకుండా చేస్తే, దొంగచాటుగా జరిగిన మార్పుకి మీ చేత్తో మీరే ముద్ర వేసినట్టు.